ఆయుధం దించినవాడి గుమ్మంలో వేరే కాలపు మనిషి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

యుద్ధాలు చాలించుకుని ఇంటిపట్టున ఉన్న సూపర్‌హీరోను, కాలంలో ప్రయాణించి వచ్చిన మనిషి ఒకడు మళ్ళీ బరిలోకి దింపే కథల గురించి ఈసారి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. చాలామంది 2019లో వచ్చిన ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’ను, కొందరు 2014 నాటి ‘ఎక్స్-మెన్: డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్ట్’ను ప్రస్తావించారు కనుక జవాబులు కూడా ఎక్కువగా ఆ రెండు సినిమాల చుట్టూనే తిరుగుతాయి. చూడనివారికి ముందే ఒక మాట: కథల ముగింపులు ఇక్కడ దాచలేదు.

ప్రశ్న: మా మనవడితో కలిసి ‘ఎండ్‌గేమ్’ తెలుగులో చూశాను. సరస్సు ఒడ్డున భార్యాబిడ్డలతో ప్రశాంతంగా ఉన్న ఐరన్‌మ్యాన్ టోనీ స్టార్క్‌ను మళ్ళీ రమ్మని పిలవడానికి పాత స్నేహితులు సరిపోరా? కాలంలో ఎక్కడో చిక్కుకుని బయటపడ్డ యాంట్‌మ్యాన్ స్కాట్ లాంగ్ ఎందుకు కావలసివచ్చాడు?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

జవాబు: మాష్టారూ, పాత స్నేహితులకు పిలవడానికి అయిదేళ్ళ వ్యవధి ఉంది. అయినా వాళ్ళలో ఎవరూ యుద్ధానికి రమ్మని అడగలేదు, ఎందుకంటే అడగడానికి యుద్ధమే మిగల్లేదు. ఆ కథలోని విలన్ థానోస్ ఒక్క చిటికెతో సృష్టిలో సగం ప్రాణులను బూడిద చేశాడు. ఆ పనికి వాడిన ఆరు మహిమగల రాళ్ళనూ తానే నాశనం చేశాడు. సినిమా మొదట్లోనే థోర్ చేతిలో తల పోగొట్టుకున్నాడు. పగ తీరింది కానీ పోయినవాళ్ళు తిరిగి రాలేదు. అలాంటి స్థితిలో టోనీ తీసుకున్న విశ్రాంతి, ఇక చేయగలిగింది ఏమీ లేదన్న ఒప్పుకోలుకు మర్యాదైన పేరు మాత్రమే. అతన్ని కదిలించాలంటే కొత్త శత్రువును చూపిస్తే చాలదు, జరిగిపోయినదాన్ని వెనక్కి తిప్పే దారి ఒకటుందని చూపించగల మనిషి కావాలి.

ఆ మనిషి స్కాట్. అతను అణువుకన్నా చిన్నదైన క్వాంటమ్ లోకంలోకి చిన్న పని మీద దిగిన క్షణంలోనే, పైకి లాగవలసినవాళ్ళు బూడిదైపోయారు. అతనికి అక్కడ గడిచింది అయిదు గంటలు, మనకు ఇక్కడ గడిచింది అయిదేళ్ళు. సామాన్ల గోదాములో పడి ఉన్న వ్యానులోని మీటల మీద ఒక ఎలుక నడవడం వల్ల అతను బయటపడ్డాడు. (లోకం గతి ఒక ఎలుక కాలి కింద తేలడం చాలామందికి నచ్చలేదు కానీ, ఏటా వినాయకుడి పక్కన ఎలుకను కూడా నిలబెట్టి దణ్ణం పెట్టే మనకు ఆ అభ్యంతరం ఉండకూడదు.)

అయితే స్కాట్ చెప్పినంత మాత్రాన టోనీ కదలలేదు. వసారాలో కూర్చోబెట్టి, చెప్పిందంతా విని, కుదరదన్నాడు; పని మాటలు ఎత్తనంటే భోజనానికి ఉండమని కూడా అన్నాడు. ఆ కాదనడంలో పిరికితనం లేదు. అతని ఒళ్ళో మోర్గాన్ అనే చిన్న కూతురుంది, ఆ బిడ్డ ఆ అయిదేళ్ళలోనే పుట్టింది, కాలాన్ని ఎక్కడ కెలికినా ఆ బిడ్డే లేకుండా పోవచ్చు. చివరికి అతన్ని కదిలించింది ఆ రాత్రి గిన్నెలు కడుగుతూ చూసిన ఒక ఫొటో: తనూ, బూడిదైపోయిన పీటర్ పార్కర్ అనే కుర్రవాడూ పక్కపక్కన నిలబడి తీయించుకున్నది. ఆ తర్వాతే అతను లెక్క ముందు కూర్చున్నాడు, లెక్క కుదిరింది, భయం పట్టుకుంది. దీన్ని పెట్టెలో పెట్టి సరస్సులో పడేసి పడుకుంటానంటే, అప్పుడు నీకు నిద్ర పడుతుందా అని భార్య పెపర్ అడుగుతుంది. ఆ మర్నాడు అతను పెట్టిన షరతు కూడా ఇంటివాడి షరతే: పోయినవాళ్ళను తేవాలి, కానీ ఈ అయిదేళ్ళలో నాకు దొరికినది నాకు ఉండాలి.

రెండో సినిమాలో వ్యవహారం తలకిందులుగా ఉంటుంది. అక్కడ లోగన్ (వుల్వరిన్) మనసు 2023 నుంచి 1973 నాటి తన శరీరంలోకి వస్తుంది. అతను వెతికి పట్టుకున్న, వింతశక్తులున్న పిల్లలకు బడి నడిపిన చార్లెస్ జేవియర్‌కు పోగొట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. వియత్నాం యుద్ధం అతని బడిలోని ఉపాధ్యాయులనూ పెద్ద పిల్లలనూ సైన్యంలోకి లాక్కుపోయింది, బడి మూతపడింది, అతను తాగుడులో పడ్డాడు. స్నేహితుడు హ్యాంక్ తయారుచేసిన మందు సూదిలో ఎక్కించుకుంటే పడిపోయిన కాళ్ళు లేస్తాయి, కానీ ఇతరుల మనసు వినగల శక్తి పోతుంది. ఆ శక్తి పోవడమే అతనికి కావలసింది, ఎందుకంటే ఇతరుల బాధ వినే ఓపిక అతనికి లేదు. లోగన్ ఎంత చెప్పినా అతను మొదట ఇంటినుంచి కదిలింది అన్న ప్రేమను కాదని వెళ్ళిపోయిన చెల్లెలివంటి రేవెన్ కోసమే తప్ప లోకం కోసం కాదు. నిజంగా నిలబడింది ఆ తర్వాత, లోగన్ మనసులోంచి భవిష్యత్తును తొంగిచూసి, ముసలివాడైన తనతో తానే మాట్లాడినప్పుడు. జేమ్స్ మెకవాయ్, పాట్రిక్ స్టూవర్ట్ ఎదురెదురుగా నిలబడే ఆ సన్నివేశం కోసమే ఈ సినిమాను మళ్ళీ చూడవచ్చు.

కాబట్టి ఈ కథల్లో కాలప్రయాణికుడు ఉత్తరం తెచ్చే పోస్టుమాను. ఉత్తరం రాసినవాడు వేరే ఉంటాడు. ఒకచోట చనిపోయిన శిష్యుడు, మరొకచోట ముసలితనంలోని తానే. అయినా పోస్టుమాను లేనిదే కథ లేదు, ఎందుకంటే ఆ ఉత్తరం ఈ కాలపు చిరునామా నుంచి బయలుదేరింది కాదు.

ప్రశ్న: అయిదు గంటలు అయిదేళ్ళు కావడానికి ఏమైనా శాస్త్ర ఆధారం ఉందా? లేక అంతా కట్టుకథేనా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, విజయవాడ

జవాబు: కాలం అందరికీ ఒకే వేగంతో నడవదన్నది నిజమే, కానీ అందుకు కారణం సినిమా చెప్పింది కాదు. చిన్న లోకంలోకి దూరితే కాలం నెమ్మదిస్తుందని క్వాంటమ్ శాస్త్రం ఎక్కడా చెప్పదు. కాలాన్ని సాగదీసేవి వేగమూ గురుత్వాకర్షణా, అవి ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతం పరిధిలోనివి. మీ ఫోనులో దారి చూపించే జీపీఎస్ ఉపగ్రహాల గడియారాలు, ఈ రెండు కారణాల వల్లా, నేల మీది గడియారాల కంటే రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకు జరుగుతాయి; ఆ తేడాను సరిచేయకపోతే దారి కిలోమీటర్ల కొద్దీ తప్పుతుంది.

మీరు ఇంజినీరింగ్ చదువుతున్నారు కనుక స్కాట్ లెక్కను మనమే వేసి చూద్దాం. అయిదేళ్ళలో ఉన్న గంటలను అయిదుతో భాగిస్తే 8,766 వస్తుంది. అంటే అతని గడియారం మన గడియారం కంటే అన్ని రెట్లు నెమ్మదిగా నడవాలి. కేవలం వేగంతో దాన్ని సాధించాలంటే అతను ఎంత వేగంగా పోవాలో సూత్రంలో పెట్టి చూడండి. కాంతి సెకనుకు 29,97,92,458 మీటర్లు పోతుంది. స్కాట్ అంతకంటే సెకనుకు దాదాపు రెండు మీటర్లు మాత్రమే తక్కువ వేగంతో పోవాలి. రెండు మీటర్లంటే, బస్సు కదులుతుండగా మనం దాని వెనక వేసే పరుగులో నెమ్మదైన రకం. అంత తేడా చాలు, అయిదేళ్ళు అయిదు గంటలవుతాయి. నా మటుకు సినిమాలోని రంగురంగుల సొరంగం కంటే ఈ లెక్కే ఎక్కువ ఒళ్ళు జలదరించేలా ఉంది.

ఇది కూడా ముందుకు పోయే దారే, వెనక్కి రావడానికి పనికిరాదు. టోనీ నోట వినబడే డాయిచ్ పేరు మాత్రం కల్పితం కాదు. డేవిడ్ డాయిచ్ అనే భౌతిక శాస్త్రవేత్త వెనక్కి తిరిగే కాలరేఖలపై క్వాంటమ్ దృష్టితో 1991లో ఒక పరిశోధనా పత్రం ప్రచురించాడు. టోనీ తిరగేసే మోబియస్ పట్టీ కూడా నిజమైనదే: ఒక కాగితపు పట్టీని సగం మెలిక తిప్పి కొసలు అతికిస్తే దానికి ఒకే వైపు మిగులుతుంది, 1858 నుంచి గణితజ్ఞులకు తెలిసిన సంగతి. దానికీ కాలప్రయాణానికీ సంబంధం మాత్రం లేదు. అది కూరలో వేసిన తిరగమోత లాంటిది, వాసన కోసం.

ప్రశ్న: ఇలా రిటైరైన సూపర్‌హీరోను వెనక్కి పిలవడం ఎప్పుడు మొదలైంది?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: అన్నిటికంటే మొదటిది ఇదేనని ముద్ర వేయను కానీ, ఆ తర్వాతివాటికి బాట వేసిన కథ ఒకటి ఉంది. 1961 సెప్టెంబరు తేదీతో వచ్చిన ‘ది ఫ్లాష్’ 123వ సంచికలో, గార్డ్‌నర్ ఫాక్స్ రాసి కార్మైన్ ఇన్‌ఫాంటినో బొమ్మలు వేసిన కథలో, కొత్త ఫ్లాష్ అయిన బ్యారీ ఆలెన్ అతివేగంతో కంపిస్తూ పొరపాటున మరో భూమి మీదకు వెళ్ళిపడతాడు. అక్కడ తను చిన్నప్పుడు కామిక్ పుస్తకాల్లో చదువుకున్న పాత ఫ్లాష్, జే గ్యారిక్, పెళ్ళి చేసుకుని, జుట్టు నెరుస్తూ, ఇంటిపట్టున ఉంటాడు. ఊళ్ళో దొంగతనాలు పెరగడంతో మళ్ళీ రంగంలోకి దిగాలని జే అప్పటికే ఆలోచిస్తూ ఉంటాడు. బ్యారీ రాకతో ఇద్దరూ కలిసి దిగుతారు. బ్యారీ వచ్చింది మరో లోకం నుంచే అయినా, జే దృష్టిలో అతను తన తర్వాతి తరం నుంచి వచ్చినట్టే.

జే ‘రిటైర్’ కావడం వెనక ఒక అసలు సంగతి ఉంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత సూపర్‌హీరోల పుస్తకాలకు గిరాకీ పడిపోయింది, అతని పత్రిక 1949లో ఆగిపోయింది. అమ్ముడుపోక ఆగిన పాత్రకు పన్నెండేళ్ళ తర్వాత గౌరవంగా ‘విశ్రాంతి తీసుకున్నాడు’ అని పేరు పెట్టారు. ఈ రంగంలో చాలా విశ్రాంతులు ఇలాంటివే.

ప్రశ్న: ‘డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్ట్’ కామిక్ కథకూ సినిమాకూ తేడా ఏమిటి? గతాన్ని మారిస్తే భవిష్యత్తు మారుతుందా, మారదా? రెండు సినిమాలూ రెండు రకాలుగా చెబుతున్నాయి.
– ఒక డిగ్రీ విద్యార్థిని, నెల్లూరు

జవాబు: మీరు సరిగ్గానే పట్టుకున్నారు. ‘ఎండ్‌గేమ్’లో గతానికి వెళ్ళి ఏం మార్చినా మనం వదిలివచ్చిన వర్తమానం మారదు, పసివాడైన థానోస్‌ను ఉయ్యాలలోనే చంపేద్దామన్న సలహాను అందుకే కొట్టిపారేస్తారు. ‘ఎక్స్-మెన్’లో గతం మారితే అంతా మారుతుంది, లోగన్ చివరికి కళ్ళు తెరిచేసరికి బడి కళకళలాడుతూ ఉంటుంది. మొదటి నియమం ప్రకారం టోనీ కూతురు పదిలం, రెండో నియమం ప్రకారం చార్లెస్‌కు పూర్తి క్షమాపణ దొరుకుతుంది. ఎవరికి ఏది అవసరమో అదే నియమంగా పెట్టుకున్నారన్నది నా అనుమానం.

కామిక్ సంగతికి వస్తే, క్రిస్ క్లేర్‌మాంట్, జాన్ బర్న్ చేసిన ఆ కథ 1981 మొదటి రెండు నెలల తేదీలతో, ‘ఎక్స్-మెన్’ పత్రిక 141, 142 సంచికల్లో వచ్చింది. అందులో వెనక్కి వచ్చేది లోగన్ కాడు, నడివయసు కేట్ ప్రైడ్. 2013 నుంచి ఆమె మనసు పదమూడేళ్ళ తన శరీరంలోకి వస్తుంది. అక్కడ చార్లెస్ విశ్రాంతిలో లేడు, ఎవరూ లేరు. అందరూ పనిలోనే ఉన్నారు. అంటే చార్లెస్‌ను కుప్పకూల్చి, మూసిన బడిలో కూర్చోబెట్టింది సినిమావాళ్ళే. ఒక సెనేటర్‌ను చంపబోయిన హంతకురాలి గురి తప్పించడంతో కామిక్ కథ తీరిపోతుంది. సినిమావాళ్ళకు అది చాలలేదు, ఒక మనిషిని లేపడం కూడా కావలసివచ్చింది.

ప్రశ్న: మన పురాణాల్లో ఇలాంటి కథ ఏదైనా ఉందా?
– ఒక గృహిణి, వరంగల్లు

జవాబు: ఉందమ్మా, ముచుకుందుడిది. పోతన భాగవతం దశమ స్కంధంలో వస్తుంది. మాంధాత కొడుకైన ముచుకుందుడు అసురుల నుంచి దేవతలను కాపాడటానికి స్వర్గానికి కాపలా కాశాడు. కుమారస్వామి సేనాపతిగా వచ్చాక దేవతలు అతన్ని ఇక చాలన్నారు. అప్పుడే మరో మాట కూడా చెప్పారు, నీ భార్యలు, కొడుకులు, మంత్రులు, ప్రజలు ఎవరూ ఇప్పుడు లేరు, కాలం వాళ్ళను తీసుకుపోయిందని. మోక్షం తప్ప ఏదైనా కోరుకోమంటే అతను నిద్ర కోరుకున్నాడు. లేపినవాడు తన చూపు పడగానే బూడిద కావాలన్నది ఆ నిద్రకు కాపలా.

యుగాలు గడిచాక, కాలయవనుడు తరుముతుంటే కృష్ణుడు పారిపోతున్నట్టు నటిస్తూ ఆ గుహలోకి దూరాడు. వెంటవచ్చిన కాలయవనుడు పడుకున్నవాడే కృష్ణుడనుకుని కాలితో తన్నాడు, ముచుకుందుడు కళ్ళు విప్పాడు, కాలయవనుడు బూడిదయ్యాడు. యుద్ధం అంతే, ఒక్క చూపు. ఇక్కడ కాలప్రయాణికుడు ఎవరని చూస్తే, నిద్రలో యుగాలు దాటిన ముచుకుందుడే. అతన్ని ఎవరూ బతిమాలలేదు, వస్తావా అని అడగనూ లేదు. కృష్ణుడు అతని నిద్రను ఆయుధంగా వాడుకున్నాడు. బయటికి వచ్చి చూస్తే మనుషులు, జంతువులు, చెట్లు కూడా పొట్టివైపోయి కనబడ్డాయి, కలికాలం వచ్చిందని గ్రహించి అతను ఉత్తరాన తపస్సుకు వెళ్ళిపోయాడు. మళ్ళీ సేనాపతి కావాలన్న ఊసు ఎత్తలేదు. వీరుడి అలసటను ఇంత నిజాయితీగా చెప్పిన కథ, నేను చూసిన సూపర్‌హీరో సినిమాల్లో లేదు.

పై విద్యార్థి అడిగిన కాలం తేడా కోసమైతే నవమ స్కంధంలో రేవతి తండ్రి కథ చూడండి: అల్లుడెవరో అడుగుదామని కూతురితో బ్రహ్మలోకానికి వెళ్ళి, అక్కడి పాట ముగిసేదాకా కాసేపు ఆగితే, కింద ఇరవై ఏడు మహాయుగాలు గడిచిపోయాయి.

మీది వరంగల్లు కనుక ఎప్పుడైనా హైదరాబాదు వెళుతుంటే గుర్తుచేసుకోండి, మూసీ నదికి ముచుకుంద అన్న పేరు కూడా ఉంది. అది పుట్టే అనంతగిరి కొండల్లోనే ఆయన నిద్రపోయిన గుహ ఉందని స్థలపురాణం చెబుతుంది.

ప్రశ్న: ‘ఎండ్‌గేమ్’ చివర ముసలివాడై బెంచీ మీద కూర్చున్న కెప్టెన్ అమెరికా స్టీవ్ రోజర్స్ ఇన్నాళ్ళూ ఎక్కడున్నాడు?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: దీని మీద సినిమా తీసినవాళ్ళే ఏకాభిప్రాయానికి రాలేదు. వేరే శాఖగా చీలిన కాలంలో బతికి వచ్చాడని దర్శకులు రూసో సోదరులు అన్నారు. ఇదే కాలంలో ప్రియురాలు పెగ్గీకి భర్తగా మొదటినుంచీ ఉన్నాడని రచయితలు మార్కస్, మెక్‌ఫీలీ అన్నారు. సినిమా పెట్టుకున్న నియమానికి దర్శకుల మాటే దగ్గరగా ఉంది.

ప్రశ్న: నేను తెలుగులో ఇలాంటి నవలిక మొదలుపెట్టాను. కర్నూలులో విశ్రాంత జీవితం గడుపుతున్న ఒకప్పటి వీరుడి దగ్గరకు 2090 నుంచి ఆయన మనవరాలు వస్తుంది. ఆమె వచ్చి రాబోయే ప్రమాదం చెప్పగానే ఆయన బయలుదేరుతాడు. చదివిన స్నేహితులు చప్పగా ఉందంటున్నారు. లోపం ఎక్కడ?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్

జవాబు: లోపం ‘చెప్పగానే బయలుదేరుతాడు’ అన్న దగ్గరే ఉంది. టోనీ కాదన్నాడు, చార్లెస్ కాదన్నాడు. మీ తాతగారికి కూడా కాదనడానికి బలమైన కారణం ఒకటి ఇవ్వండి, అదీ చదివేవాళ్ళు ఆయన పక్షాన నిలిచేంత బలమైనది. ఆయనకు మోకాళ్ళ నొప్పులని రాస్తే అది సాకు అవుతుంది. మంచాన ఉన్న భార్యకు పూటపూటా మందులు ఇవ్వవలసింది ఆయనేనని రాస్తే అది కారణం అవుతుంది.

రెండోది, మనవరాలి చేత ఉపన్యాసం ఇప్పించకండి. ఆమె తెచ్చింది భవిష్యత్తు వార్త. ఆయన్ను లేపేది ఆ వార్తలో ఎక్కడో ఇరుక్కుని ఉన్న సొంత సంగతి కావాలి. ఆమె మాటల్లో తను ఎప్పుడూ చూడని తాత గురించి చెప్పే తీరు ఉంటుంది కదా, ఆయన ఏ వయసులో, ఏ పని మధ్యలో పోయాడో ఆమెకు తెలుసు, ఆయనకు తెలియదు. ఆమె దాచిన ఆ ఒక్క సంగతి చుట్టూ మూడు అధ్యాయాలు నడపవచ్చు.

మూడోది నియమం. గతం మారితే భవిష్యత్తు మారుతుందని పెట్టుకుంటే, తాత గెలిచిన తర్వాత 2090 నుంచి వచ్చిన ఈ మనవరాలు అలాగే మిగులుతుందా? మారదని పెట్టుకుంటే ఆమె ఎవరి కోసం వచ్చినట్టు? ఈ రెండు ప్రశ్నల్లో ఏదో ఒకదానికి జవాబు మొదటి పేజీ రాయకముందే మీ దగ్గర ఉండాలి. లేకపోతే చివరి అధ్యాయంలో పెన్ను ఆగిపోతుంది.

ముందుగా యుద్ధం జోలికి పోకుండా, ఆమె తలుపు తట్టే ముందరి అరగంట మాత్రం రాసి పంపండి: ఆ ఎండలో, ఆ ఇంట్లో, ఆయన చేతిలో ఏం ఉంది, తలుపు తీయడానికి దాన్ని ఎక్కడ పెట్టాడు.